చప్పిడిముక్కు రివాల్వరు

పాతవస్తువులకి అప్పుడప్పుడు మళ్ళీ యోగం పడుతుంది. అటకెక్కిన ఇత్తడిబిందె దిగివచ్చి ముందుగదిలో పూలతొట్టి అవుతుంది. ఇనపపెనం, రాచిప్ప, సిరాకలం - వీటన్నిటికీ మన కళ్ళముందే మంచిరోజులు వచ్చాయి. వాటిని చూసి ఎవరూ తప్పుపట్టరు. మనం రాచిప్పలో పులుసు కాచుకుంటే పొరుగువాడికి వచ్చే నష్టం ఏముంది గనక! కాని అమెరికాలో ఈమధ్య అటక దిగివచ్చిన ఒక పాతవస్తువుని గురించి మాత్రం అంత తేలిగ్గా మాట్లాడడానికి వీల్లేదు. అది రివాల్వరు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రివాల్వరుతో ఏం పని అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక వేసవి సెలవుల్లో టెక్సాస్‌లో వున్న మా పిన్నికొడుకు ఇంట్లో నెలరోజులు వుండివచ్చాను. అక్కడ వాడికీ, వాడి భార్యకీ మధ్య ఈ వస్తువు పేర నడుస్తున్న తగువులో నేను పెద్దమనిషిని కావలసివచ్చింది. తగువు తీర్చేవాడు వ్యవహారం తెలుసుకోకుండా నోరు విప్పకూడదు కదా! అంచేత కొంత చదివాను, కొంత చూశాను, తెలిసినవాళ్ళని అడిగాను.

అంతకుముందు రివాల్వరుతో నాకున్న పరిచయమంతా డిటెక్టివు నవలల ధర్మమే. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో భారత పర్వాల అడుగున కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు వుండేవి. డిటెక్టివు యుగంధర్, అతని అసిస్టెంటు రాజు నాకు నన్నయభట్టు కంటే ముందే ఆప్తులయ్యారు. ఆ వయస్సులో నాకు రివాల్వరంటే జేబులోంచి తీయవలసిన వస్తువు, అంతే. అందులో ఎన్ని తూటాలు పడతాయి, అది ఎలా పేలుతుంది అనే సందేహం నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

అది ఎలా పేలుతుందో ఇప్పుడు చెబుతాను వినండి. రివాల్వరు అంటే తిరిగేది అని అర్థం. తిరిగేది దాని పొట్ట. ఆ పొట్టలో అయిదో ఆరో గదులు, గదికొక తూటా. వెనక చిన్న సుత్తి వుంటుంది. అది వెనక్కి వెళ్ళి వచ్చి తూటా వీపున కొడితే మందు అంటుకుంటుంది. అమెరికాలో సామ్యూల్ కోల్టు 1836లో పేటెంటు పుచ్చుకున్న రివాల్వరులో ఆ సుత్తిని ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి. లండనులో రాబర్టు ఆడమ్స్ అనే ఆయన 1851లో ఆ శ్రమ తప్పించాడు. ట్రిగ్గరు నొక్కితే చాలు, పొట్ట తిరుగుతుంది, సుత్తి వెనక్కిపోతుంది, తిరిగివచ్చి కొడుతుంది. మరి కొన్నేళ్ళకి బొటనవేలితో లాగినా సరే, ట్రిగ్గరు మాత్రమే నొక్కినా సరే పనిచేసే ఏర్పాటు వచ్చింది. దాన్నే డబుల్ యాక్షన్ అంటారు.

ఇందులో ఒక మెలిక వుంది. అన్ని పనులూ ఒక్క వేలే చెయ్యాలి గనక ఆ నొక్కు చాలా బరువు. సుమారు అయిదు కిలోల బలం పెట్టాలి. పొరపాటున వేలు తగిలితే పేలిపోయే వస్తువు కాదది. ఆ బరువే దానికి కాపలా అని దాని అభిమానులు చెబుతారు.

ఇక చప్పిడిముక్కు సంగతి. రివాల్వరు గొట్టాన్ని రెండంగుళాల దగ్గర తెగ్గోస్తే అది కోటుజేబులో ఇముడుతుంది. ఆ రూపానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు మన చప్పిడిముక్కుకి సరిగ్గా సరిపోతుంది. నిఘంటువు వెతకవలసిన పనే లేకుండా దొరికిన అనువాదం ఇదొక్కటే నా అనుభవంలో. కోల్టు కంపెనీ 1927లో మఫ్టీలో తిరిగే పోలీసులకోసం ఇటువంటిదాన్ని చేసి డిటెక్టివ్ స్పెషల్ అని పేరు పెట్టింది. అందులో తూటాలు ఆరు. పోటీగా స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1950లో అయిదు తూటాలతో ఇంకా చిన్నది చేసింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధికారుల మహాసభలో దాన్ని చూపించి, వాళ్ళ పేరుమీదనే చీఫ్స్ స్పెషల్ అన్నారు. 1952లో సుత్తి పైకి కనపడకుండా లోపలే దాచినది వచ్చింది. జేబుగుడ్డకి తట్టుకోదు గనక జేబులోంచే పేల్చవచ్చు. 1955లో కోల్టువారి పైథాన్ వచ్చింది. పేరు కొండచిలవది, నునుపు మాత్రం నగలపనిది. అమెరికాలో పోలీసంటే నడుముకి రివాల్వరు వేలాడవలసిందే అన్న రోజులవి.

ఆ వైభవం ముప్ఫై ఏళ్ళలో కరిగిపోయింది. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ అనే పిస్తోలుని స్వీకరించింది. సగం ప్లాస్టిక్కు, తూటాలు పదిహేడు. తూటాలన్నీ పిడిలో దూర్చే పొదిలో వుంటాయి. ఆ పొదిని మాగజీను అంటారు. మీరు చేతిలో పట్టుకున్న ఈ పత్రికా మాగజీనే. రెండు మాటలకీ మూలం గిడ్డంగి అనే అర్థమున్న అరబ్బీ పదం. ఒక గిడ్డంగిలో కథలు, ఇంకొకదానిలో తూటాలు! 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్.బి.ఐ. మనుషులకీ, ఇద్దరు బందిపోట్లకీ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. ఆ రోజు ఏజెంట్లలో ఎక్కువమంది చేతుల్లో వున్నవి రివాల్వర్లే. చేతికి దెబ్బ తగిలిన మనిషి రివాల్వరులో ఒక్కొక్క తూటా నింపుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసివచ్చింది. ఆ తరవాత పోలీసు శాఖలు వరసగా పిస్తోలు వైపు తిరిగాయి. న్యూయార్కు నగర పోలీసులు 1993లో మార్పు మొదలుపెట్టి, పాత అలవాటు మానలేని చివరి కొద్దిమంది చేత కూడా 2018లో రివాల్వరు దింపించారు. పైథాన్ తయారీ 2005 నాటికే ఆగిపోయింది. రివాల్వరు పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

అయిపోలేదు. కోల్టువాళ్ళు 2017లో కోబ్రా అనే చప్పిడిముక్కుని మళ్ళీ తెచ్చారు. 2020 జనవరిలో పైథాన్‌ని, 2021లో అనకొండని లేపారు. పిస్తోళ్ళకి పేరుపడ్డ కింబర్ కంపెనీ కూడా 2016లో ఆరు తూటాల చిన్న రివాల్వరుతో బజారున పడింది. దీనికి కారణాలు లేకపోలేదు. అమెరికాలో ఆయుధం దాచిపెట్టుకు తిరిగే హక్కు ఒక్కొక్క రాష్ట్రంలో సడలుతూ వచ్చింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, ఇరవయ్యొక్కేళ్ళు నిండి చట్టరీత్యా అడ్డులేనివాళ్ళకి దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. దాచుకోవాలంటే చిన్నది కావాలి. టెలివిజను కథానాయకులు పాత పైథాన్ పట్టుకు తిరిగేసరికి దాని ధర ఆకాశానికంటింది. వీటన్నిటి వెనకా మనుషుల మనస్సులో ఇంకొకటి వుంది. అది నాకు ఆ దుకాణంలో అర్థమయింది.

మావాడు నన్ను తీసుకువెళ్ళిన తుపాకుల దుకాణం మన బంగారుకొట్టులా వుంది. గాజుబల్లల కింద దీపాల వెలుగులో వరసగా పేర్చి వున్నాయి. నేను సందర్శకుల వీసామీద వెళ్ళినవాణ్ణి. అటువంటివాడు ఆయుధం చేతపట్టడానికి అక్కడి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అంచేత చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. అమ్మే ఆయన తల నెరసిన పెద్దమనిషి, ఒకప్పుడు పోలీసు వుద్యోగం చేసినవాడు. చిన్న రివాల్వరు ఒకటి తీసి, పొట్ట పక్కకి తెరిచి, అయిదు ఖాళీగదులూ మాకు చూపించాడు. గదుల్లోంచి అవతలి దీపం కనపడింది.

"దీనిలో దాపరికం లేదు. తూటా వుంటే వుందని కనిపిస్తుంది, లేకపోతే లేదని కనిపిస్తుంది. ఒక తూటా పేలకపోతే మళ్ళీ నొక్కు, పొట్ట తిరిగి ఇంకొకటి వస్తుంది. పిస్తోలు పైభాగం వెనక్కి లాగాలంటే చేతుల్లో బలం వుండాలి. కీళ్ళ నొప్పులున్న మా ఆవిడ లాగలేదు. ఇది తెరవగలదు" అన్నాడాయన.

అంతటితో వూరుకుంటే అమ్మకందారు అనుకుందును. ఆయన దీని లోపాలు కూడా చెప్పాడు. చిన్నది కాబట్టి కొత్తవాళ్ళకి సుళువని అందరూ అనుకుంటారట. అది తప్పట. గొట్టం పొట్టి, గురి చూసుకునే గుర్తు పొట్టి, నొక్కు బరువు, పేలితే చెయ్యి అదిరిపోతుంది. నేర్చినవాడికే గాని గురి కుదరదు. ఎప్పుడూ మొరాయించదన్నమాట కూడా పూర్తిగా నిజం కాదట. పొట్ట అడుగున ఇంత మసి చేరినా తిరగడం మానేస్తుంది, అప్పుడు పనివాడి దగ్గరికి పరుగెత్తాలి. ఆ పని క్షుణ్ణంగా తెలిసిన ముసలి పనివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారని బాధపడ్డాడు. మా పాత అచ్చుకూటం కంపోజిటర్లని గురించి నేనూ ఇలాగే బాధపడతాను. ఆ క్షణంలో ఆయనా నేనూ ఒకే వూరివాళ్ళం అనిపించింది.

ఎలక్ట్రానిక్కు యంత్రాల మధ్య బతికే మనిషికి, కళ్ళెదుట తెరిచి చూసుకోగల యంత్రం మీద ప్రేమ కలగడం సహజం. మన చేతిలో వున్న ఫోను ఎలా పనిచేస్తుందో మనకి తెలియదు. రివాల్వరు ఎలా పనిచేస్తుందో అరగంటలో తెలుసుకోవచ్చు. తెలిసినదాన్నే మనిషి నమ్ముతాడు. రివాల్వరు తిరిగి రావడంలోని అసలు కిటుకు ఇదే అనుకుంటాను.

మావాడు ఇంకొకటి తీయించాడు. "ఇది చూడన్నయ్యా, తాళం లేనిది. కొత్తగా వచ్చింది" అన్నాడు సంబరంగా.

ఆ తాళం కథ తెలుసుకోదగ్గది. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 2000 మార్చిలో క్లింటను ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. చేతితుపాకుల్లో భద్రతకి తాళాలూ అవీ పెడతామని అందులో ఒక షరతు. తుపాకుల ప్రియులకి కోపం వచ్చింది. కొనడం మానేశారు. సుమారు పదకొండు కోట్ల డాలర్లు పెట్టి 1987లో ఆ కంపెనీని కొన్న ఇంగ్లండు యజమానులు 2001లో కోటిన్నర డాలర్లకి అమ్ముకుని బయటపడ్డారు. కొన్నది తుపాకితాళాల వ్యాపారం చేసే ఒక చిన్న సంస్థ! అప్పటినుంచి ఆ రివాల్వర్లకి పక్కన చిన్న కన్నం వచ్చింది. అందులో తాళంచెవి తిప్పితే ట్రిగ్గరు కదలదు. అభిమానులకి ఆ కన్నం కంట్లో నలుసయింది. అందమైన మొహం మీద మచ్చ అన్నారు. అవసరానికి అదే బిగుసుకుపోతే ఏం గతి అన్నారు. ఇరవైయేళ్ళకి పైగా నస పెట్టగా పెట్టగా కంపెనీ దిగివచ్చింది. 2024 నుంచి పాత పద్ధతిలో, కన్నం లేకుండా మళ్ళీ చేస్తోంది. మావాడు సంబరపడింది అందుకు.

వాడికి ఆ వస్తువు ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలి. వాడు పెట్రోలుబంకూ, దాన్నంటి ఒక చిల్లర దుకాణమూ నడుపుతాడు. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ముసుగులు వేసుకున్న ఇద్దరు వచ్చి తుపాకి చూపించి గల్లాపెట్టె వూడ్చుకుపోయారు. వాడి ఒంటిమీద దెబ్బ పడలేదు. కాని ఆనాటినుంచి తలుపు గంట మోగినప్పుడల్లా వాడి చెయ్యి బల్లమీద బిగుసుకోవడం నేను స్వయంగా చూశాను. అటువంటి దుకాణాల్లో రాత్రిపూట పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల వార్తలు పత్రికల్లో మీరూ చదివేవుంటారు. వాడి భయాన్ని ఉత్త భయమని కొట్టిపారెయ్యడానికి నాకు నోరు రాలేదు.

మరదలు ఒప్పుకోలేదు. దుకాణంనుంచి వచ్చిన సాయంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతూ నాతో అంది:

"బావగారూ, ఆయన భయం నాకు తెలియదనుకోకండి. రాత్రి కారుచప్పుడు వినేదాకా నేనూ నిద్రపోను. కాని పిల్లవాడి సంగతి మీకు తెలియదు. పోయిన ఏడాది నాలుగు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. నాతో లేదు, వాళ్ళ నాన్నతో లేదు, ఎవరితోనూ మాట లేదు. డాక్టరు దగ్గరికి తిప్పాం. ఇప్పుడు బాగున్నాడు, దేవుడి దయ. ఆ నాలుగు నెలల్లో ఈ వస్తువు ఇంట్లో వుండివుంటే? ఈ ఒక్కదానికి జవాబు చెప్పి, ఆయన్ని ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోమనండి."

పదహారేళ్ళ ఆ పిల్లవాడు అప్పుడే నా దగ్గరికి వచ్చి, "పెదనాన్నా, చదరంగం ఆడదామా?" అన్నాడు. ఆడాం. నేను ఓడిపోయాను.

ఆ రాత్రి లెక్కలు తిరగేశాను. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల పోయిన ప్రాణాలు సుమారు 46,700. అందులో హత్యలు సుమారు 17,900. ఆత్మహత్యలు సుమారు 27,300. మనం సినిమాల్లో చూసేదీ, దుకాణాల్లో భయపడేదీ మొదటి లెక్కని చూసి. రెండోది అంతకంటే ఎంతో పెద్దది, దాన్ని గురించి ఎవరూ బొమ్మ తీయరు. ప్రాణం తీసుకోవాలనే తలపు చాలామందిలో కొద్దిసేపే బలంగా వుంటుందనీ, ఆ గండం దాటితే మనిషి దక్కుతాడనీ వైద్యులు చెబుతారు. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏది అందుతుందన్నదే ప్రశ్న.

మర్నాడు పొద్దున్న వాకిట్లో కాఫీ తాగుతూ మావాడికి ఈ మాట చెప్పాను. దుకాణంలో ఆ పెద్దమనిషి దేన్నయితే మెచ్చుకున్నాడో దాన్నే తీసుకున్నాను. "ఒరే, ఆయన చెప్పినవన్నీ నిజాలే. అది మొరాయించదు. పదేళ్ళు సొరుగులో పడేసినా తీయగానే పనిచేస్తుంది. నేర్చుకోవలసింది ఏమీ లేదు, నొక్కితే చాలు. ఇన్ని సుగుణాలూ నీ చేతికే కాదురా, సొరుగు తెరిచిన ప్రతి చేతికీ వర్తిస్తాయి. దూరాన వున్న దొంగని కొట్టడానికి నేర్పు కావాలని ఆయనే అన్నాడు. ఇంట్లో జరిగే అనర్థానికి ఏ నేర్పూ అక్కర్లేదు. తాళం లేదని నువ్వు సంతోషించావు, మీ ఆవిడ అడుగుతున్నదే తాళం" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు మన దేశంలో కూర్చుని చెబుతావన్నయ్యా. నీకు రాత్రి పన్నెండింటికి దుకాణం కట్టే పని లేదు" అన్నాడు.

నిజమే. మనదేశంలో ఈ ప్రశ్న మధ్యతరగతి ఇంటి గడపదాకా రాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పుచ్చుకోవాలంటే కలెక్టరు దగ్గరో పోలీసు కమిషనరు దగ్గరో కారణం చూపించాలి. సైన్యం, పోలీసులు వాడే కొలతల తూటాలు పౌరులకి మామూలుగా నిషిద్ధం. అందుకే కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం పౌరులకోసం చేసే రివాల్వర్లు .32 కొలతవి. నడుము దగ్గర విరిచి తూటాలు నింపే ఆ పాత తీరు ఇంగ్లండు వెబ్లీ నుంచి వచ్చింది. 2014లో అరకిలో బరువుతో నిర్భీక్ అనే రివాల్వరు చేసి, ఆడవాళ్ళ ఆత్మరక్షణకని చెప్పి, ధర 1,22,360 రూపాయలు పెట్టారు. ఆపదలో వున్న ఆడపిల్లల్లో ఆ ధర పెట్టగలవాళ్ళు ఎందరో ఆలోచించండి! పొట్ట పక్కకి తెరుచుకునే ప్రబల్ అనేది 2023లో వచ్చింది. మనకీ రివాల్వరు మోజు వుంది. కాని ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషనులో అప్పగించమంటారని చెప్పేసరికి, దుకాణంలో ఆ పెద్దమనిషి నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు.

అంచేత మావాడి ఆక్షేపణని నేను తోసిపుచ్చలేదు. తీర్పు మాత్రం మరదలి పక్షాన చెప్పాను. ఆమె ప్రశ్నకి జవాబు చెప్పకుండా కొనకూడదు. భయం తీరడానికి మొదట రాత్రివేళ ఇంకో మనిషిని పెట్టుకోవాలి, దుకాణం పెందలాడే కట్టాలి. ఆ పైన కూడా కావాలనిపిస్తే అప్పుడు చూసుకోవాలి. నేను తిరిగివచ్చేదాకా వాడు అవుననలేదు, కాదనలేదు.

దసరా రోజుల్లో ఫోను చేశాడు. రాత్రికి ఒక మనిషిని పెట్టాడు. పదిగంటలకల్లా కట్టేస్తున్నాడు. రివాల్వరు కూడా కొన్నాడు. నేను ఏమీ అనకముందే, "కంగారుపడకు. దుకాణంలో నేలకి బిగించిన ఇనపపెట్టెలో వుంటుంది. ఇంటి గడప తొక్కదు. అది మీ మరదలి షరతు" అన్నాడు. గురి నేర్చుకోవడానికి ఆదివారాలు వెడుతున్నాడట. ఆ అయిదు కిలోల నొక్కు ఇంకా పట్టుబడలేదట.

తరవాత మరదలు ఫోను అందుకుంది. పిల్లవాడు చదరంగం పోటీల్లో ఆడుతున్నాడనీ, రాత్రి వాళ్ళ నాన్న దుకాణం కట్టి వట్టిచేతులతో ఇంటికి వస్తాడనీ చెప్పింది. బంకునుంచి ఇంటికి ఇరవై నిమిషాల చీకటిదారి. ఆ దారిలో వాడికి భయం వేస్తుందేమో నేనడగలేదు, వాడూ చెప్పలేదు.